లాను తీసేసిన ఏడాది

శ్రీరామ్మూర్తి ఆటోనగర్‌లో ఒక లేత్ షెడ్డుకు ఫోర్‌మన్. గాజువాక అవతల ఇల్లు కట్టుకుంటున్నప్పుడు అతను ఒక్కదాని దగ్గరే పట్టుబట్టాడు. ఇంటి ముందు పచ్చగడ్డి లాను ఉండి తీరాలి. వంటగది రెండడుగులు తగ్గినా ఊరుకున్నాడు గానీ లానుకు వదిలిన జాగాలో అంగుళం తగ్గనివ్వలేదు.

ఆ పట్టుదల ఎందుకో అతని భార్య నీలిమకు ఒక్కదానికే తెలుసు. ఇరవయ్యేళ్లప్పుడు ఆనందపురం దగ్గర పల్లె నుంచి పని వెతుక్కుంటూ వచ్చి, ఏదో కంపెనీ గెస్ట్‌హౌస్‌లో రెండేళ్లు తోటపని చేశాడు. రోజుకు రెండుపూటలా అక్కడి లానుకు నీళ్లు పెట్టేవాడు. ఒక మధ్యాహ్నం ఎండకు కళ్లు తిరిగి ఆ గడ్డి మీదే కూలబడితే, మేనేజరు వచ్చి "ఇది నువ్వు కూచోడానికి కాదు" అని లేపేశాడు. సొంత లాను పచ్చబడిన రోజు సాయంత్రం శ్రీరామ్మూర్తి దాని మీద కాళ్లు బారజాపుకుని కూర్చుని, టీ అక్కడికే తెమ్మన్నాడు.

అతని ఇంటికీ పక్కింటి ఇంద్రజ వాళ్లకూ ఒకటే బోరు. స్థలాలు కొన్నప్పుడే రెండిళ్లవాళ్లూ కలిసి వేయించుకున్నారు. ఎనిమిదేళ్లు ఏ ఇబ్బందీ రాలేదు. తొమ్మిదో ఏడు మే నెలలో మోటారు వేస్తే పావుగంట నీళ్లొచ్చి, ఆ తర్వాత గాలి దగ్గడం మొదలుపెట్టింది. కొళాయి రోజు విడిచి రోజు వచ్చేది. అయినా శ్రీరామ్మూర్తి లానుకు తడి పెట్టడం మానలేదు. గడ్డి అంచులు అప్పటికే పసుపెక్కుతున్నాయి. అవి చూస్తే అతనికి అన్నం సహించేది కాదు.

ఒక సాయంత్రం అతను పైపు పట్టుకుని నిలబడి ఉండగా ఇంద్రజ గేటు తీసుకుని లోపలికొచ్చింది. ఆమె మామగారు పక్షవాతంతో మంచం పట్టి ఏడాది దాటింది. పూటపూటా పక్కబట్టలు ఉతకాలి. ఆమె తెచ్చుకున్న బిందె నేరుగా పైపు కింద పెట్టింది.

శ్రీరామ్మూర్తి చెయ్యి కదపలేదు. ఆ సన్నటి ధారకు బిందె నిండడానికి చాలాసేపు పట్టింది.

"అడగాల్సింది గదమ్మా," అన్నాడు చివరికి.

"అడిగితే గెడ్డికి సాలవంటావేమోనని బయమేసింది మావయ్యా," అని ఇంద్రజ బిందె చంకనెత్తుకుని వెళ్లిపోయింది.

ఆ మాటలో వెటకారం లేదు. అందుకే అతనికి మరీ గుచ్చుకుంది.

ఆదివారం బండేసుకుని ఆనందపురం వెళ్లాడు. అతని పిన్ని జోగమ్మ రోడ్డు పక్కనే మొక్కల నర్సరీ నడుపుతోంది. డెబ్భై దాటినా కుండీలు తనే మోస్తుంది. సంగతంతా విని ఆమె కాస్తయినా జాలిపడలేదు.

"తీసెయ్యి. మన ఎండకి ఆ గెడ్డి ఏటి బతుకుతాది?"

"తీసేత్తే ఇంటి ముందు బోడిగా ఉంటాది పిన్నీ."

ఆమె చెయ్యి పట్టుకుని నర్సరీ వెనక్కి లాక్కెళ్లింది. అక్కడ నీడ వల కూడా లేదు. మిట్టమధ్యాహ్నపు ఎండలో కాగితం పూలు గులాబీ రంగులో, నారింజ రంగులో విరగబూసి ఉన్నాయి. బిళ్లగన్నేరు, నాచుపూలు, బొద్దు మొదళ్ల ఎడారి గులాబీలు, ఓ మూల తంగేడు.

"ఇవన్నీ దిబ్బల మీద మొక్కలు గదా," అన్నాడు శ్రీరామ్మూర్తి నిరాశగా.

"దిబ్బ మీద వాటికి నీళ్లెవుడు పోసాడ్రా? పూస్తన్నాయా నేదా?"

అతను వంగి తంగేడు మొదట్లోని మన్ను తడిమి చూశాడు. పొడిగా ఉంది.

లాను తవ్వడానికి కూలీలను పిలవనివ్వలేదు. రెండు ఆదివారాలు తనే పలుగు పట్టాడు. గడ్డి చాపల్లా లేచి వస్తుంటే నీలిమ అరుగు మీద నుంచి చూసింది గానీ ఓదార్చలేదు. ఓదారిస్తే ఆపేస్తాడని ఆమెకు తెలుసు. లాను పోయాక కింద గులకతో కలిసిన ఎర్రమన్ను తేలింది. మేడ మీది వాననీళ్లు దిగే గొట్టం దగ్గర ఇంకుడు గుంత తవ్వి రాళ్లు నింపాడు. మొదటి వానలు పడ్డాక జోగమ్మ దగ్గర్నుంచి మొక్కలు తెచ్చి నాటి, మొదళ్ల చుట్టూ కొబ్బరి పీచు, ఎండుటాకులు మందంగా పరిచాడు.

అంతవరకూ బాగానే ఉంది. చిక్కంతా అతని చేతితోనే వచ్చింది. వానలు తగ్గగానే పొద్దున లేవడంతోటే కాళ్లు పైపు దగ్గరికి నడిచేవి. నవంబరు నాటికి రెండు ఎడారి గులాబీలు మొదలు మెత్తబడి ఒరిగిపోయాయి. కాగితం పూల తీగ గోడంతా అల్లుకుంది కానీ ఆకులే తప్ప ఒక్క పువ్వూ లేదు. జోగమ్మకు ఫోన్ చేశాడు.

"నీ సెయ్యి ఊరుకోదేట్రా? దాన్ని ఎండనియ్యి. ఆకు కొంచెం వాడాక అప్పుడు పొయ్యి."

"వాడిపోతంటే సూత్తూ ఎలగుంటాను పిన్నీ?"

"అలగే ఉండు. మొక్క సావదు, నాను పూచీ."

మర్నాడు పైపు కనబడలేదు. నీలిమ దాన్ని చుట్ట చుట్టి అటక మీద పెట్టేసింది. కావాలంటే చెంబుతో పోసుకోమంది. చెంబుతో ఎంతని పోస్తాడు? పదిరోజులు మొహం మాడ్చుకుని తిరిగాడు. తీగ ఆకులు రాల్చింది. మరో మూడు వారాలకు కొమ్మల చివర ఎర్రటి మొనలు కనిపించాయి. సంక్రాంతి వెళ్లేసరికి గోడ గోడంతా గులాబీ రంగైపోయింది. ఆటోనగర్ వెళ్లే షేర్ ఆటోలు వాళ్లింటి ముందు మలుపులో కొంచెం నెమ్మదించేవి.

మళ్లీ మే వచ్చింది. బోరు నిండిపోయిందని చెప్పడానికి లేదు, విశాఖ వేసవి ఎప్పటిలాగే ఉంది. కానీ మోటారు రెండిళ్ల అవసరానికీ సరిపోయింది. ఇంద్రజ బిందెతో రావాల్సిన పని పడలేదు. ఒక ఆదివారం మాత్రం ఉత్త చేతులతో వచ్చి గోడ దగ్గర నిలబడింది.

"మా వాకిలంతా సిమెంటే మావయ్యా. మజ్జానం నిప్పులు కక్కతంది. మా మావగారి మంచం కిటికీ కాడే ఉంది. ఆయన రోజంతా మీ గోడే సూత్తన్నారు. మాకూ ఓ నాలుగు మొక్కలు..."

"సిమెంటు పగలగొట్టాలి మరి."

"మా ఆయన పగలగొడతానంటన్నారు గానీ, ఎక్కడ మొదలెట్టాలో తెలీటం నేదు."

శ్రీరామ్మూర్తి షెడ్డు నుంచి తెచ్చిన సమ్మెటా ఉలీ పట్టుకుని వెళ్లాడు. వాననీళ్లు ఎటు దిగుతాయో చూసి, కిటికీకి ఎదురుగా సుద్దముక్కతో గీత గీశాడు. ఇంద్రజ భర్త ఉలి పట్టుకుంటే అతను సమ్మెట వేశాడు. మొదటి రెండు దెబ్బలకూ దుమ్మే లేచింది. మూడో దెబ్బకు పలక అడ్డంగా చీలింది. ఇంద్రజ వంగి ఆ పెచ్చును రెండు చేతులతో లాగి పక్కన పడేసింది.