కైకలూరు వెళ్లిన రొట్టెల వ్యాను

ఏలూరులో ఎలీషా గారు రోజూ పొద్దున్నే పాలు కాచి, బైబిలు వాక్యం చదువుకుని, ఆ తరవాత తన బొమ్మ వ్యానుని వెతుక్కోవడానికి వీధిలోకి వెళ్తారు.

అరచేతంత వ్యాను. వెనకటి రోజుల్లో ఇంగ్లండులో ఇంటింటికీ రొట్టెలు వేసిన బండికి నకలు. ఎర్ర రంగు, రబ్బరు టైర్లు, తెరుచుకునే వెనక తలుపులు. బీరువాలో పెట్టి తాళం వేసినా తెల్లారేసరికి బయల్దేరిపోయేది.

"మీ వ్యాను రైల్వే గేటు దగ్గర ఆగుందండి," అనేవాడు ఇడ్లీ బండి వీర్రాజు. "గూడ్సు వెళ్లేదాకా కదల్దు లెండి."

"గాలి మార్పుకి వెళ్తుందండి."

"రోజూ కైకలూరు రోడ్డునే పడుతుందేంటండీ?"

ఎలీషా గారు వినబడనట్టు దాన్ని సంచిలో వేసుకునేవారు.

వ్యాను ఆయనది కాదు. కైకలూరులో ఐసు ఫ్యాక్టరీ ఉన్న తోడల్లుడు యాకోబు గారిది. కిందటేడు వాళ్లింట్లో ప్రార్థన కూడిక జరిగింది. పాస్టరు గారు ప్రపంచ దేశాల కోసం పేరుపేరునా ప్రార్థిస్తున్నారు. ఆఫ్రికా దాటేసరికి ఎలీషా గారు కళ్లు తెరిచారు. ఎదురుగా షోకేసు. బ్రెజిలు వచ్చేసరికి వ్యాను ఆయన జేబులో ఉంది. ఆమెన్ మాత్రం అందరికన్నా గట్టిగా అన్నారు. ఈ కథ రాస్తున్నవాడు ఇలాంటి కూడికలోనే మంచి చెప్పులు చూసి తొడుక్కొచ్చిన రకం గనక, ఆయన మీద రాయి వెయ్యడం లేదు.

షోకేసులో వ్యాను కనబడకపోయేసరికి యాకోబు గారి భార్య రత్నకుమారి గారు ఆలోచించారు. అందరూ కళ్లు మూసుకున్న వేళ కళ్లు తెరుచుకునున్నది వంటింట్లో కాఫీ కలుపుతున్న పాపాయమ్మ ఒక్కతే. పద్దెనిమిదేళ్ల పని ఆ పూటే పోయింది. దొంగన్న పేరుతో ఊళ్లో మరో ఇల్లు దొరకలేదు. ఫోనులో ఈ సంగతి విని ఎలీషా గారు "అయ్యో" అన్నారు. ఆ అయ్యో గుర్తొస్తే అన్నం సహించేది కాదు. అయినా తినేవారు.

మొన్న ఆయన మూడురోజుల సువార్త సభలకి వెళ్లొచ్చేసరికి బీరువా ఖాళీ. కైకలూరు బస్సెక్కారు.

"మీ వ్యాను నిన్న కొల్లేరు వంతెన దిగిందండి," అన్నాడు కండక్టరు. "హారన్ కొడితే పక్కకి తీసి దారిచ్చింది. బుద్ధిగల బండి."

కైకలూరు బజారులో దాన్ని అందుకుని వెనకే నడిచారు. యాకోబు గారి వీధి వచ్చింది. వ్యాను తిరగలేదు. చెరువు గట్టు పక్క సందులోకి వెళ్లి, పాపాయమ్మ గుమ్మం ముందు ఆగింది.

"మీరు తీస్తున్నప్పుడు వంటింటి గుమ్మంలోంచి చూశానండి," అంది పాపాయమ్మ, చేటలో బియ్యం ఏరుతూనే.

"మరి చెప్పలేదేం?"

"పదిమంది కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే, కళ్లు తెరుచుకున్న నా మాట ఎవరు నమ్ముతారండీ?"

"నేనే చెప్తాను పాపాయమ్మా."

ఆయన వంగి వ్యాను ఎత్తబోతే ఆమె వారించింది. "జేబులో వద్దండి. నడిచే రానివ్వండి."

అరచేతంత బండి వెనక ఇద్దరూ యాకోబు గారింటికి రెండు వీధులు నడవడానికి గంట పట్టింది. మందుల షాపాయన పలకరించాడు. "ఎక్కడికండీ?"

"మా తోడల్లుడు గారింటికండి."

వ్యాను ఆగిపోయింది. ఎంతకీ కదల్లేదు.

"నేను దొంగిలించిన వ్యానండి ఇది," అన్నారు ఎలీషా గారు చివరికి. "పాపాయమ్మ తియ్యలేదు."

వ్యాను కదిలింది. ఆ మాట పాన్‌షాపు దగ్గర ఒకసారి, చేపల మేత కొట్టు ముందు రెండుసార్లు చెప్పాల్సొచ్చింది. కొట్టు నాగేశ్వరరావు గారికి ఒక చెవి వినబడదు.

యాకోబు గారి హాల్లో ఇంకోసారి చెప్పేటప్పటికి ఆయన గొంతు బొంగురుపోయింది. యాకోబు గారు వ్యానుకేసి చూశారు గానీ తోడల్లుడికేసి చూడలేదు.

"రేపట్నించి పన్లోకి వచ్చెయ్యి పాపాయమ్మా," అన్నారు రత్నకుమారి గారు, తల దించుకుని.

పాపాయమ్మ ఆ ఇంట్లో మొదటిసారి సోఫాలో కూర్చుంది. "రానమ్మా. నాగేశ్వరరావు గారు దారిలో పిలిచి కొట్టు తాళాలు చూసుకోమన్నారు. ఇవాళ కాఫీకొచ్చాను."

రత్నకుమారి గారు వంటింట్లోకి వెళ్లారు. ఎంతమందికని అడగలేదు. మూడు కప్పులు తెచ్చారు. ఎలీషా గారు గుమ్మం దగ్గర నిలబడే ఉన్నారు.