మాట్లాడుతూ దగ్గరకు రండి

సాయంత్రం అయిదున్నరకు ఆమె పని నుంచి ఇంటికి వచ్చింది. గుమ్మం బయటే చెప్పులు విప్పి, గడియ చప్పుడు కాకుండా తలుపు తీసి, మునివేళ్ల మీద లోపలికి నడిచింది. ముందుగదిలో టీవీ నడుస్తోంది గాని దానికి నోరు లేదు. పదో తరగతి చదివే కూతురు శబ్దం పూర్తిగా తగ్గించి బొమ్మలు మాత్రం చూస్తోంది. తల్లీ కూతుళ్లు కళ్లతోనే పలకరించుకున్నారు. కిటికీ పక్కన కుర్చీలో ఇంటాయన కూర్చుని ఉన్నాడు. ఆమె టీ కలిపి తెచ్చి, గ్లాసు ఆయన చేతికి అందేలా చిన్న బల్ల మీద పెట్టి, వచ్చినంత మెల్లగా వంటగదిలోకి వెళ్లిపోయింది.

ఆ సమయంలో ఆ ఇంటిని మీరు చూసి ఉంటే, చూపు పోయిన మనిషిని ఎంత అపురూపంగా చూసుకుంటున్నారో అని మెచ్చుకునేవారు. నేనైనా అదే పని చేసేవాణ్ణి. మన మెప్పు పొందే పనుల్లో ఎన్ని తప్పులు దాగి ఉంటాయో తెలియజెప్పడానికే ఈ కథ.

ఆయన మంగలి. బజారు మలుపులో ఇరవై రెండేళ్లు సెలూన్ నడిపాడు. కత్తెర ఆగినా ఆయన నోరు ఆగదని గిరాకీలు ‘రేడియో’ అని పేరు పెట్టారు. జుట్టు పెరగకపోయినా కబుర్ల కోసం వచ్చి, ఊరికే కూర్చోవడం బాగుండదని గడ్డం గీయించుకుని పోయేవాళ్లుండేవారు. అలాంటి మనిషికి నీటికాసుల జబ్బు వచ్చింది. రెండు ఆపరేషన్లు చేసినా చూపు దక్కలేదు. ఎనిమిది నెలల కిందట కంటి డాక్టరు, “ఇక మందులతో పనిలేదమ్మా, ఆయన్ని ప్రశాంతంగా ఉండనివ్వండి” అని పంపేశాడు.

ఆ ఒక్క మాటనే ఇంటివాళ్లు మందులా పట్టుకున్నారు. ప్రశాంతత అంటే చప్పుడు లేకపోవడమే అనుకున్నారు. కాళ్లకు తగులుతాయని సామాను తీసేశారు, చెవికి తగులుతుందని మాట తీసేశారు. మొదట్లో ఆయన, “ఎవరు వచ్చారు? ఏమిటి ఆ చప్పుడు?” అని అడిగేవాడు. “ఏం లేదండీ, మీరు పడుకోండి” అనేది ఆమె. కొన్నాళ్లకు అడగడం మానేశాడు. పాపం, ఆమె దాన్ని కుదుటపడటం అనుకుంది.

పోయిన వారం ఒక సంగతి జరిగింది. ఆయన ఒళ్లోంచి జారిపోతున్న దుప్పటి సర్దుదామని కూతురు చప్పుడు లేకుండా దగ్గరకు వెళ్లి మీద చెయ్యి వేసింది. ఆయన ఉలిక్కిపడి చెయ్యి విసిరాడు. అది పిల్ల మూతికి తగిలి పెదవి చిట్లింది. “ఎవరది?” అన్నాడాయన. తల్లి పిల్లకు నోటి మీద వేలు పెట్టి చూపింది. ఆయన బాధపడతాడని ఇద్దరూ పలకలేదు. ఆయన అటూ ఇటూ తల తిప్పి, మరో రెండుసార్లు అడిగి, ఊరుకున్నాడు.

ఆ సంగతి తెలిసి ఆయన అన్నగారు ఫోన్ చేశాడు. “వాడికి కోపం పెరుగుతోందమ్మా. ఆడపిల్ల ఉన్న ఇల్లు. మా తోటలో అయితే పురుగు కూడా పలకదు. ఆదివారం కారు తెచ్చి తీసుకుపోతాను, ఇక మా దగ్గరే ఉంటాడు.” ఆమెకు ఏడుపు వచ్చింది గాని, ఆయన మంచికే కదా అని ఒప్పుకుంది. భర్తకు ఆ మాట చెబితే ఆయన, “సరే” అన్నాడు. ఒకటి అడిగితే పది చెప్పే మనిషి ఆ ఒక్క మాటతో సరిపెట్టాడు.

ఆమె పనిచేసేది ఊరి చివర ఉన్న గుర్రాల ఆశ్రమంలో. బళ్లు లాగి నడుములు విరిగినవీ, పందేల్లో కాళ్లు విరిగినవీ, ముసలివై పళ్లూడి ఎవరికీ అక్కరలేనివీ ముప్పై దాకా ఉన్నాయక్కడ. పళ్లు లేనివాటికి దాణా నానబెట్టి జావలా కలపడం, పుండ్లు కడగడం, పడుకున్నవాటిని లేపడం ఆమె పని. భర్త సెలూన్ మూతపడ్డాక ఇల్లు గడవడానికి చేరింది గాని, చేరిన నెలకే ఆ మూగజీవాల మీద ప్రాణం పెట్టుకుంది. అవి దెబ్బలు తిని వచ్చిన జంతువులు. అందుకని అక్కడ ఎవరూ గట్టిగా మాట్లాడరు, బకెట్ కూడా ఠంగున కింద పెట్టరు.

నెల రోజుల కిందట ఒక గోధుమరంగు ఆడగుర్రం వచ్చింది. రెండు కళ్లూ లేవు. వెనక కాలి గిట్టలో చీము పట్టి, ఆ కాలు నేల మీద ఆనించలేకపోతోంది. రోజుకు రెండుసార్లు అరగంట చొప్పున గోరువెచ్చని ఉప్పునీళ్లలో కాలు నానబెడితే చీము కిందికి దిగుతుందన్నాడు పశువుల డాక్టరు. ఎముక దాకా పాకితే మాత్రం సూది వేసి ప్రాణం తీసేయడం తప్ప దారి లేదన్నాడు. కానీ దగ్గరకు వెళ్తే కదా. చూపులేనిది, బెదిరిపోతుందని అందరూ మిగతా గుర్రాల దగ్గరకంటే ఇంకా మెల్లగా, ఊపిరి బిగబట్టి వెళ్లేవాళ్లు. అది అందరినీ తన్నేది. ఇది మంచి మాటకు లొంగే రకం కాదని పనివాళ్లు తేల్చేశారు. అక్కడ మంచీ ఉంది, ఓపికా ఉంది. లేనిది మాటే.

ఆ గురువారం పెద్దమ్మ తిరిగి వచ్చింది. ఆశ్రమం పెట్టిన మనిషి ఆవిడే. తుంటికి ఆపరేషన్ చేయించుకుని నెలన్నర మంచంలో ఉండి, ఇప్పుడు చేతికర్రతో దిగింది. వస్తూనే గోధుమగుర్రం సంగతి విని, “ఏదీ, ఎలా వెళ్తున్నారో చూపించు” అంది.

ఆమె పిల్లి అడుగులు వేసుకుంటూ కటకటాల తలుపు దాటి వెళ్లి, గుర్రం మెడ మీద చెయ్యి ఆనించింది. గుర్రం ఒక్కసారి ఎగిరిపడి వెనక కాళ్లు ఝాడించింది. ఆమె గోడకు అతుక్కుపోయి బతికింది.

“ఎందుకమ్మాయ్ దొంగలా వెళ్తావు?” అంది పెద్దమ్మ.

“బెదురుతుందనండీ.”

“నువ్వే బెదరగొట్టావు. దానికి చూపు లేదు. నువ్వు నడిచిరావడం దానికి కనబడదు, నువ్వేమో వినబడనివ్వలేదు. దాని మటుకు దానికి నువ్వు ఆకాశంలోంచి ఊడిపడ్డావు. దాని చోట నేనున్నా తన్నుతాను.”

పెద్దమ్మ కటకటాల తలుపు దగ్గరే నిలబడి చేతికర్రతో బకెట్ మీద తట్టింది. “ఏమే తల్లీ, నేనొస్తున్నాను. తుంటి విరిగిన ముసలిదాన్ని, నిదానంగా వస్తాను. నీకు కాలు బాగాలేదటగా, నాకూ అంతే” అంటూ ఆగకుండా మాట్లాడుతూ నడిచింది. గుర్రం చెవులు రెండూ ఆవిడ వైపు తిరిగాయి. ఆవిడ దాని భుజం మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి తీయకుండా, మాట ఆపకుండా, వీపు మీదుగా తొడ దాకా జరిపింది. గుర్రం తల కిందికి వాల్చింది.

“ఇప్పుడు దీనికి మనం ఎక్కడున్నామో తెలుసు. అరగంట కాలు నానబెట్టాలంటే అరగంటా ఇలా వాగుతూనే ఉండాలి. మెత్తగా ఉండటమంటే చప్పుడు లేకపోవడం కాదమ్మాయ్” అంటూ వెనక్కి తిరిగిన పెద్దమ్మ, ఆమె ముఖం చూసి ఆగిపోయింది.

ఆమె దాణా సంచి మీద కూలబడిపోయింది. ఎనిమిది నెలలుగా తన ఇంట్లో జరుగుతున్నదంతా ఆమె కళ్ల ముందు తిరిగింది. చెప్పులు విప్పి నడిచిన నడకలన్నీ, చిట్లిన పెదవీ, జవాబు దొరకని “ఎవరది?” కూడా. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూ ఉన్నదంతా చెప్పేసింది. ఆదివారం బావగారు వస్తున్న సంగతీ చెప్పింది.

పెద్దమ్మ ఓదార్చలేదు. “రేపు ఆయన్ని వెంటబెట్టుకురా” అంది. “పొద్దుటా సాయంత్రమూ అరగంట ఆగకుండా మాట్లాడే ఓపిక నాకు లేదు. నీకు రాదు. రేడియో అని పేరున్నవాడు ఉండగా మనకెందుకీ తిప్పలు?”

ఆ సాయంత్రం ఆమె చెప్పులు ఈడ్చుకుంటూ, తలుపు బార్లా తోసి, “ఏమండీ, నేనొచ్చాను. బస్సులో నిలబడి నిలబడి కాళ్లు పడిపోయాయి” అంటూ లోపలికి వచ్చింది. కుర్చీలో ఆయన నిటారుగా అయ్యాడు.

“ఏమయింది? ఎందుకు అరుస్తున్నావు?”

“అరవడం లేదండీ. వచ్చానని చెబుతున్నాను. ఇన్నాళ్లూ చెప్పలేదు, నాదే బుద్ధి తక్కువ.” ఆమె ఆయన పక్కనే కింద కూర్చుని, చేతులు రెండూ పట్టుకుని, గుర్రం కథ చెప్పింది. తర్వాత ఆ రోజు దెబ్బ ఎవరికి తగిలిందో కూడా చెప్పింది.

ఆయన కుర్చీలో ముందుకు వంగి కూతురిని పిలిచాడు.

“వస్తున్నా నాన్నా. ఇదిగో, నీ ఎడమ పక్కనే ఉన్నాను” అంది పిల్ల.

ఆయన వేళ్లు పిల్ల గడ్డాన్ని, బుగ్గని తడుముకుంటూ వెళ్లి పెదవి మీది గాటు దగ్గర ఆగాయి. “చెప్పలేదేం తల్లీ?”

“నువ్వు బాధపడతావని.”

“ఈ ఇంట్లో మనుషులున్నారో, నన్నొదిలేసి వెళ్లిపోయారో తెలియక రోజూ బాధపడుతూనే ఉన్నాను కదమ్మా. టీ గ్లాసు వేడిగా ఉంటే, ఎవరో ఉన్నారని అనుకునేవాణ్ణి.”

ముగ్గురూ ఏడ్చారు. ఇన్నేళ్లలో ఆ ఇంట్లో అంత గోల ఎప్పుడూ జరగలేదని పక్కింటివాళ్లు చెప్పుకున్నారట. జరగనివ్వండి.

మర్నాడు ఆయన ఆశ్రమంలో అడుగుపెట్టాడు. కటకటాల తలుపు దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నాడు. మొదట మాట తడబడింది. తర్వాత చేతికి గుర్రం జూలు తగిలేసరికి పాత అలవాటు లేచి వచ్చింది. “అమ్మగారూ, జుట్టు బాగా చిక్కుపడిందండీ. ఎన్నాళ్లయింది దువ్వక? అలా కదలకుండా నిలబడండి. మా గిరాకీ ఒకాయన ఉండేవాడు, కత్తెర చెవి దగ్గరకు వస్తే చాలు…” కబుర్లు సాగిపోయాయి. కింద ఆమె ఉప్పునీళ్ల బకెట్‌లో కాలు పెట్టించింది. అరగంట గడిచింది. గుర్రం కాలు తీయలేదు, ఆయన నోరు మూయలేదు. గంటకు గాని ఎవరికీ ఆపాలని తోచలేదు.

బయటికి వస్తుంటే ఆయన చెయ్యి పక్క గదిలోని ముసలి గుర్రానికి తగిలింది. అందరూ దాన్ని తాతయ్య అంటారు. “ఈ ఎండల్లో ఈ పెద్దాయనకి ఇంత బొచ్చేమిటండీ? చెమటతో తడిసిపోతున్నాడు” అన్నాడాయన.

“వయసు మీద పడ్డ గుర్రాలకి కొన్నిటికి వచ్చే జబ్బు. బొచ్చు రాలదు. కత్తిరించేవాడు దొరక్క ఏటా అవస్థ పడుతున్నాం” అంది పెద్దమ్మ.

“నా మెషిన్ ఇంట్లో ఊరికే పడి ఉంది పెద్దమ్మగారూ.”

శనివారం ఆమె తాతయ్య తాడు పట్టుకుంది. ఆయన ఎడమ అరచెయ్యి ముందు నడిచి ఒంటి ఎత్తుపల్లాలు చెబితే, కుడిచేతిలో మెషిన్ వెనకాలే నడిచింది. మధ్యాహ్నానికి ఒక పక్క పూర్తయింది. అక్కడక్కడా మెట్లు మెట్లుగా వచ్చిందని ఆమె నిజమే చెప్పింది. “ఫర్లేదు, ఈ గిరాకీ అద్దం అడగడు” అన్నాడాయన. ఆ మాటకు అందరూ నవ్వారు. భర్త హాస్యమాడటం విని ఎన్నాళ్లయిందో ఆమెకు గుర్తు రాలేదు. అందరి కంటే ఆలస్యంగా, కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

ఆదివారం పొద్దున డాక్టరు వచ్చి గిట్ట అడుగున చిన్న గాటు పెడితే చీము అంతా బయటికి వచ్చేసింది. అంతసేపూ ఆయన గుర్రం మెడ దగ్గర నిలబడి కబుర్లు చెబుతూనే ఉన్నాడు. కాసేపటికి అది ఆ కాలు నేల మీద ఆనించింది. ఇక భయం లేదన్నాడు డాక్టరు. ఆమె గుర్రం మెడను కౌగిలించుకుని, దానికి వినబడేలా, “నీ మేలు మర్చిపోను తల్లీ” అని చేతులు జోడించింది. ఒక జంతువుకు మనిషి చేతులు జోడించడం మీకు విడ్డూరంగా తోస్తే తోచనివ్వండి. నాకైతే అంతకంటే న్యాయమైన నమస్కారం కనబడలేదు.

అన్నగారు ఇంటికి వెళ్లి, అక్కడ లేరని తెలిసి, కారు నేరుగా ఆశ్రమానికి తెచ్చాడు. బట్టల నిండా గుర్రపు వెంట్రుకలతో, బ్రష్ పట్టుకుని, నవ్వుతూ ఉన్న తమ్ముణ్ణి చూసి కారు తలుపు వేయడం కూడా మరిచాడు. తర్వాత, చాలామందికి ఉన్న అలవాటు చొప్పున, తమ్ముడి పక్కనున్న ఆమె వైపు తిరిగి గొంతు తగ్గించి అడిగాడు. “అమ్మా, వాడి బట్టలు సర్దావా? వాడు ఏమంటున్నాడు, వస్తానంటున్నాడా?”

నిన్నమొన్నటి దాకా అయితే ఆమే జవాబు చెప్పేది.

“ఆయన ఇక్కడే ఉన్నారు బావగారూ. ఆయన్నే అడగండి” అంది.

అన్నగారు తడబడ్డాడు. ఎనిమిది నెలల్లో తమ్ముణ్ణి తాను సూటిగా ఒక్క మాట అడగలేదని అప్పుడు తెలిసింది. దగ్గరకు వెళ్లి, “ఒరేయ్, నేనురా, అన్నయ్యని” అన్నాడు.  “మా ఇంటికి వస్తావా?”

“రాను అన్నయ్యా” అన్నాడాయన, అన్న చెయ్యి వెతికి పట్టుకుని. “నువ్వు నా మంచి కోరే వచ్చావు, ఆ సంగతి మర్చిపోను. కానీ నాకు కావలసింది చప్పుడు లేని చోటు కాదు. కళ్లు జబ్బు తీసుకుంది, దానికి ఎవర్నీ అనడానికి లేదు. నేనున్నానని ఎరిగి నాతో మాట్లాడేవాళ్లు ఉన్నారు చూడు, ఇకనుంచి వాళ్ల మధ్యనే నా వెలుగు.”