పెట్టెలో లేని కట్టు

మిషన్ ఆగింది గానీ తమ్ముడి తొడలోంచి నెత్తురు ఆగలేదు.

అక్క రెండు అరచేతులూ ఒకదాని మీద ఒకటి వేసి గాయం మీద మోపింది. మోచేతులు వంచకుండా ఒంటి బరువంతా దాని మీదికి వాల్చింది. గాలివానకు పడిపోయిన చెట్లను ముక్కలు కోసి తీసుకెళ్లడం వాళ్ల ముగ్గురి పని. ఆమె మొగుడు, తమ్ముడు వంతులవారీగా రంపం మిషన్ పడతారు. ఆమె దుంగలు కొలుస్తుంది, వ్యాన్ నడుపుతుంది. తమ్ముడి వంతు వచ్చింది. రంపం కొస ఆకుల కింద దాగున్న కొమ్మకు తగిలింది. తగలగానే మిషన్ మీదికి ఎగిరి, అతని ఎడమ తొడ మీద పడింది. అంతా రెప్పపాటులో.

“ఏమండీ, ఫస్ట్ ఎయిడ్ పెట్టె!” అంది. అరవలేదు. తను అరిస్తే తమ్ముడు బెదిరిపోతాడు.

మొగుడు పరుగున వెళ్లి వ్యాన్‌లోంచి పెట్టె తెచ్చి మూత తీశాడు. లోపల అరిగిన ఆకురాయి, పాత స్పార్క్ ప్లగ్గు, ఒక కత్తెర. గాయాన్ని గట్టిగా అదిమి చుట్టే లావుపాటి సాగే బ్యాండేజీ ఉండాల్సిన చోట ఖాళీ.

“కట్టు ఏదండీ?”

“నాకేం తెలుసు?” అన్నాడాయన. ముఖంలో చుక్క నెత్తురు లేదు.

“సరే. అంబులెన్సుకు ఫోన్ చేసి, వెళ్లి రోడ్డు మీద నిలబడండి. వాళ్లకు ఈ దారి తెలీదు.”

ఆయన వెళ్లాడు. ఆమె వేళ్ల సందుల్లోంచి వెచ్చగా ఉబికి వస్తూనే ఉంది. నొక్కితే ఆగే రకం కాదని అర్థమైంది. గాయం మీద మోకాలు ఆనించి, చేతులు ఖాళీ చేసుకుని, మెడలోని చున్నీ లాగింది. నాలుగు మడతలు పెట్టి గాయానికి పైన, తొడ చుట్టూ కట్టింది. ముడిలో చెయిన్ బిగించే స్పానర్ దూర్చి తిప్పడం మొదలుపెట్టింది.

“అమ్మా! నొప్పక్కా!”

“నొప్పి తెలుస్తోందిగా. ఇంకా నా చేత తిట్లు తినే యోగం ఉంది నీకు.”

నెత్తురు ఆగేదాకా తిప్పి, స్పానర్ వెనక్కి తిరక్కుండా మిగిలిన కొసతో కట్టేసింది. తర్వాత దుంగల మీద కొలతలు రాసే మైనపు సుద్ద తీసి, తమ్ముడి నుదుటి మీద టైము రాసింది. ఎప్పుడు బిగించిందో డాక్టర్లకు తెలియాలి.

“నన్ను కూడా దుంగల్లో కలిపేశావా? కొలత ఎంతొచ్చింది?”

“అంతా బాగానే ఉంది గానీ, నోరొక్కటే టేపుకు అందలేదు.”

వాడు నవ్వబోయి పళ్లు బిగపట్టాడు. ఆమె వ్యాన్‌లోంచి టార్పాలిన్ తెచ్చి వాడి మీద కప్పింది. వాడి చేతులు చల్లబడుతున్నాయి. వాడికి మగత రాకుండా మాట్లాడిస్తూ ఉంది.

“బ్రేక్ పడలేదక్కా,” అన్నాడు గొణుగుతున్నట్టు. “నా మణికట్టు గార్డుకు తగిలింది. తగిలితే గార్డు ముందుకు ఒరిగి చెయిన్ ఆగాలి కదా...”

అంబులెన్సు వచ్చింది. తమ్ముడితో మొగుడిని ఎక్కించి, మిషన్‌ని వ్యాన్‌లో పెడదామని వంగిన ఆమె అలాగే ఉండిపోయింది.

బ్యాండేజీ అక్కడుంది. ముందు హ్యాండిల్‌కి, దాని ముందున్న గార్డుకి కలిపి, మెత్తని దిండులా చుట్టేసి, చివర ముడి వేసి ఉంది. గార్డును వేలితో తోసి చూసింది. వెంట్రుకవాసి కదల్లేదు.

పెట్టెలో లేకపోవడమే కాదు, తమ్ముడి తొడ తెగడానికీ ఆ బ్యాండేజీయే కారణం.

ఆసుపత్రి వరండాలో మొగుడు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. లోపల ఆపరేషన్ జరుగుతోంది. ఆమె పక్కన కూర్చుని, చూసింది చెప్పింది.

“మీ తమ్ముడే చుట్టుకుని ఉంటాడు,” అన్నాడాయన వెంటనే. “చేతులు బొబ్బలెక్కుతున్నాయని ఒకటే గోలగా వాడిది.”

“పొద్దున్న ముందు మీరే కదా కోసింది?”

“నేను గమనించలేదు. వంతు మారేటప్పుడు మిషన్ ఆపకుండా అందించేశాను, ఎప్పట్లాగే.”

ఆయన నీళ్ల బాటిల్ తీసుకుని మూత తిప్పాడు. అది తిరగలేదు. మళ్లీ తిప్పాడు. చివరికి పంటితో పట్టుకోబోయి, ఆమె చూస్తోందని ఆగి, “దీన్ని మరీ గట్టిగా బిగించి చచ్చారు,” అంటూ ఆమెకిచ్చాడు.

రెండు వేళ్లతో తిప్పగానే ఊడి వచ్చింది.

ఆయన వేళ్ల కొసలు తెల్లగా, నీళ్లలో నానినట్టున్నాయి. ఈ మధ్య రోజూ పొద్దున్నే చొక్కా గుండీలు తనచేతే పెట్టించుకుంటున్నాడు. “ఇన్నేళ్లకు సరసం పుట్టుకొచ్చిందే!” అని తను మురిసిపోయింది కూడా. బ్యాండేజీ చివర ముడి గుర్తొచ్చింది. వేళ్లతో వేసింది కాదు అది. పంటితో లాగి బిగిస్తే నలిగే ముడి.

నర్సు బయటికొచ్చింది. “కాలు దక్కింది. ఆ కట్టు సమయానికి పడింది కాబట్టి సరిపోయింది. తెలివొచ్చాక చూడొచ్చు.”

మొగుడు రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. ఆమె ఆయన భుజం మీద చెయ్యి వేసింది. తీయలేదు. ఆయన ఏమైనా చెబుతాడేమోనని చాలాసేపు చూసింది.

తమ్ముడు కళ్లు తెరిచేసరికి నుదుటి మీద సుద్ద గీతలు ఇంకా చెరగలేదు. అక్క మంచం పక్కన కూర్చుంది. బావ గుమ్మంలోనే నిలబడిపోయాడు.

“అక్కా, ఒక మాట.” వాడు గొంతు తగ్గించాడు. “హ్యాండిల్ మెత్తగా తగిలితే, నా బొబ్బలు చూసి నువ్వే చుట్టావనుకున్నా. గార్డు సంగతి చూసుకోలేదు. నువ్వు బాధపడకు. బావ అడిగితే, నేనే చుట్టానని చెప్తాలే.”

గుమ్మంలో బావ తల వంచుకున్నాడు.

ఆమె చివరిసారి అటు చూసింది. ఆయనకు ఇంకొక్క క్షణం ఇచ్చింది. తర్వాత తమ్ముడి చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

“చుట్టింది నేనూ కాదు, నువ్వూ కాదురా,” అంది నెమ్మదిగా. “మిషన్ అదురుకు వేళ్లు మొద్దుబారిపోయినా మనకు చెప్పలేక, ఆ సంగతి దాచుకుని చుట్టుకున్నాడు. మీ బావ.”