గొళ్లానికి తువ్వాల

చిట్కుల్‌లో ఆ గల్లీకి ఒక కట్టుబాటు ఉంది. తలుపు గొళ్లానికి తువ్వాల కట్టి ఉంటే ఆ ఇంట్లో రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మనిషి పడుకున్నాడని అర్థం. అప్పుడు పాలవాడు కేక వేయడు, పిల్లలు ఆ వాకిట్లో ఆడరు, చుట్టాలు వచ్చినా పక్కింటి అరుగు మీద కూర్చుంటారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. ఫ్యాక్టరీలు వచ్చినప్పటి నుంచీ అంతే.

పుష్పమ్మ తలుపుకు ఎనిమిదేళ్లుగా తువ్వాల లేదు. భర్త కొమురయ్య పోయిన నాడు దాన్ని విప్పి, మడిచి, పెట్టె అడుగున పెట్టింది. ఇక ఎవరికీ కట్టే పని పెట్టకు తండ్రీ అని ఆ రోజే దేవుడికి చెప్పుకుంది. అందుకే రాత్రంతా విమానం నడిపి పొద్దున ఎనిమిదింటికి ఇల్లు చేరిన కూతురు నిహారిక, చక్రాల సంచి అరుగు మీదే వదిలేసి మంచం మీద వాలిపోయినా, పుష్పమ్మ తలుపు దగ్గరికి వేసిందే గాని పెట్టెలోంచి తువ్వాల తీయలేదు.

నిహారిక ఒక ప్రైవేటు విమాన సంస్థలో కో-పైలట్. కిష్టారెడ్డిపేట దగ్గరున్న ఎకరం చెలక భూమి అమ్మి ఆమెను చదివించింది పుష్పమ్మ. ఊరంతా మెచ్చుకుంది. పుష్పమ్మకు మాత్రం నాటి నుంచి కంటి మీద కునుకు లేదు. మబ్బు పట్టినా భయమే, గాలి లేచినా భయమే. ఇంట్లో టీవీ ఉంది గాని వార్తలు పెట్టదు. దిగానని కూతురు ఫోన్ చేసేదాకా పొయ్యి ముట్టించదు.

పది రోజులుగా ఆ భయానికి మరో భయం తోడైంది. కంపెనీకీ పైలట్లకూ మధ్య కొత్త ఒప్పందం తయారైంది. జీతం పెరుగుతుంది. దానికి బదులు, ఇన్నాళ్లూ వరుసగా రెండు రాత్రులకు మించి నడపని వాళ్లు ఇకమీదట మూడు రాత్రులు నడపాలి. ఒప్పుకుంటారో లేదో పైలట్లంతా ఎవరి ఫోన్లో వాళ్లు ఓటు వేయాలి. ఈ రోజు సాయంత్రం ఐదింటితో గడువు తీరుతుంది.

వద్దనే వేస్తానని నిహారిక మొదట్లోనే చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి పుష్పమ్మకు ముద్ద దిగలేదు. ఫోన్ చేసినప్పుడల్లా అదే పాట.

"నలుగురితో పాటు నారాయణ అనాలె బిడ్డా. కాదన్నోళ్ల పేర్లు రాసుకుంటరు."

"పేర్లు కనపడయి అమ్మా. ఎవలు ఏం ఏసిన్రో ఎవలకి తెల్వది."

"ఫోన్ల ఒత్తింది ఎట్ల దాగుతది?"

నిన్న రాత్రి కూతురు విమానం ఎక్కే ముందు కూడా పుష్పమ్మ ఫోన్ చేసి ఏడ్చింది.

పదకొండింటికి తలుపు దబదబా మోగింది. పుష్పమ్మ పరుగున వెళ్లి తీస్తే, పక్కింటి సునంద చేతిలో గిన్నెతో నిలబడి ఉంది.

"అక్కా, బచ్చలికూర పప్పు జేసిన."

"మెల్లగ. పిల్ల పండుకున్నది."

"నాకేం ఎరుక? గొళ్లానికి తువ్వాల లేకపాయె." సునంద గొంతు తగ్గించి లోపలికి తొంగి చూసింది. "పైలట్ ఈడ పండుకుంటే ఇమానం ఎవలు నడుపుతున్నరే?"

"నీ నోట్లె మన్ను బడ. గసొంటి మాటలనకు."

"జెర నవ్వరాదా. ఎప్పుడు సూసినా పిడుగు బడ్డట్టే ఉంటవ్." సునంద గిన్నె చేతికిచ్చి, మళ్లీ వచ్చి తీసుకుంటానని వెళ్లిపోయింది.

అప్పటికే నిహారిక లేచి కూర్చుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. రాత్రి ఎనిమిదింటికి మళ్లీ క్యాబు వస్తుందని, ఇవాళ కూడా రాత్రి డ్యూటీయేనని చెప్పింది. పుష్పమ్మ జొన్నరొట్టె, పప్పు పెట్టి ఎదురుగా కూర్చుంది. నిహారిక పీట మీద కూర్చొని గోడకు ఆనుకుని, రొట్టె తుంచి పప్పులో అద్దింది. తల్లి ఏదో చెబుతుంటే ఊ కొడుతోంది. కాసేపటికి ఆ ఊ ఆగిపోయింది. చూస్తే ముక్క చేతిలోనే ఉంది. కళ్లు మూతపడ్డాయి.

అదే గోడ, అదే పీట. ఆఖరి నెలలో కొమురయ్య కూడా ఇట్లాగే ముద్ద చేతిలో పట్టుకొని నిద్రపోయేవాడు. పుష్పమ్మ భుజం తట్టేది. తింటున్న, తింటున్న అనేవాడు.

"బిడ్డా."

"తింటున్న" అంది నిహారిక, కళ్లు తెరవకుండానే.

పుష్పమ్మ ఆమె చేతిలో ముక్క తీసి కంచంలో పెట్టింది. కొంగుతో కూతురి వేళ్లు తుడిచింది. కూతురు కళ్లు తెరిచాక, ఎనిమిదేళ్లుగా ఎవరికీ చెప్పని సంగతి మొదలుపెట్టింది.

"నీకొక మాట జెప్పాలె. మీ బాపు సంగతి."

కొమురయ్య పనిచేసిన మందుల ఫ్యాక్టరీలోనూ అప్పుడు ఇట్లాంటి ఒప్పందమే వచ్చింది. ఎనిమిది గంటల షిఫ్టు పన్నెండు గంటలవుతుంది, జీతం పెరుగుతుంది. మధ్యాహ్నం గేటు లోపల మీటింగ్ పెట్టి, ఒప్పుకునేవాళ్లు చేతులెత్తమన్నారు. టిఫిన్ డబ్బా ఇవ్వడానికి వెళ్లిన పుష్పమ్మ కంచె బయట నిలబడి ఉంది. చేతులన్నీ లేచాయి. కొమురయ్య, అతని స్నేహితుడు మొగులయ్య మాత్రం ఎత్తలేదు. సూపర్‌వైజర్ కాగితం పట్టుకొని వాళ్లిద్దరి వైపే చూస్తున్నాడు. పుష్పమ్మ కాళ్లు వణికాయి. కంచె సందులోంచి భర్త కళ్లలోకి చూస్తూ, డబ్బా పట్టుకున్న చేతినే పైకెత్తింది. ఎత్తు, నువ్వూ ఎత్తు. కొమురయ్య ఆమెను కాసేపు అట్లాగే చూసి, చెయ్యెత్తాడు.

రెండు నెలలు తిరక్కుండానే మొగులయ్యను పనిలోంచి తీసేశారు. మేం బతికిపోయాం అనుకుంది పుష్పమ్మ. నాలుగో నెలలో, రాత్రి షిఫ్టు దిగి మోటార్ సైకిల్ మీద వస్తూ ఇస్నాపూర్ దగ్గర హైవే మీద ఆగి ఉన్న లారీని గుద్దుకున్నాడు కొమురయ్య. బ్రేకు వేసిన జాడ కూడా లేదన్నారు చూసినవాళ్లు. మొగులయ్య ఇప్పుడు అక్కడే చౌరస్తాలో చాయ్ డబ్బా నడుపుతున్నాడు. పుష్పమ్మ పటాన్‌చెరు పోవాలన్నా ఆ చౌరస్తాలో ఆటో ఎక్కదు.

"తలరాత అని అందరికి జెప్పుకున్న" అంది. "తలరాత కాదు బిడ్డా. ఆ చెయ్యి నేను ఎత్తించిన. నువ్వు నా మాట ఇనకు. కాదనే ఒత్తు. నౌకరి పోతే పోనీ, నేను మళ్ల కైకిలి కూలికి పోత."

నిహారిక కంచం పక్కకు జరిపింది.

"నాకెరుకే అమ్మా."

"ఏంది ఎరుక?"

"బాపు చెప్పిండు. ఆ దినమే. ఎత్తనంటివి గదా బాపూ, ఎందుకెత్తినవ్ అని అడిగిన. గేటు కాడ మీ అమ్మ వణుకుతుండె బిడ్డా, సూడలేకపోయిన అన్నడు." నిహారిక చెంబు అందుకొని చెయ్యి కడుక్కుంది. "అమ్మతోని అనకు అన్నడు. నేను అన్లే."

ఈ పిల్లకు తెలియకూడదనే కదా పుష్పమ్మ ఎనిమిదేళ్లు పంటి కింద నొక్కిపెట్టింది. ఈ పిల్లేమో అంతా తెలిసే, తన పక్కనే పడుకొని, తన చేతి అన్నమే తిన్నది.

కూతురి పక్కనున్న ఫోన్ తీసి ఆమె చేతిలో పెట్టింది. "మరి ఒత్తు బిడ్డా. ఐదింటి దాక టైం ఉన్నది గదా."

"ఒత్తిన."

"ఏమని?"

"ఒప్పుకుంటున్న అని. పొద్దున, క్యాబు కోసం నిలబడ్డప్పుడు." నిహారిక తల్లి ముఖం వైపు చూడలేదు. "రాత్రంత చెవుల నీ ఏడుపే ఉండె. ఇగ తట్టుకోలేకపోయిన."

"మళ్ల మార్సరాదా?"

"ఒక్కసారే. ఒత్తినంక మూసుకపోతది."

"మీ ఆఫీసోళ్లకు ఫోన్ జెయ్యి. మా అమ్మ సదువు రానిది, తెల్వక చెప్పిందని..."

"అమ్మా." నిహారిక లేచి, తల్లి భుజం మీద చెయ్యి వేసి, మంచం దగ్గరికి నడిచింది. "నా ఒక్కదాని ఓటుతోని ఏం కాదులే. అందరి ఇండ్లల్ల భయపడేటోళ్లు ఒకలుంటరు. ఆరింటికి లేపు."

పడుకున్న రెండు నిమిషాలకే గురక వినిపించింది. సన్నని గురక, చిన్నప్పటిలాగే.

పుష్పమ్మ పెట్టె తెరిచింది. చీరలన్నీ తీసి పక్కన పెడితే అడుగున కలరా ఉండల వాసనతో ఆకుపచ్చ తువ్వాల దొరికింది. ఒక అంచు చిరిగి ఉంది. దాన్ని చాలాసేపు ఒళ్లో పెట్టుకుంది. తర్వాత బయటికి వచ్చి, తలుపు దగ్గరికి లాగి, గొళ్లానికి కట్టింది. ముడి ఎట్లా వేయాలో చేతులు మర్చిపోలేదు.

ఆ మధ్యాహ్నం ఆమె కుక్కర్ పెట్టలేదు, విజిల్ వేస్తుందని. బోరు వేయలేదు. గాజులు మోచేతి వైపు ఎగదోసుకొని, కూతురి ఫోన్ పట్టుకొని అరుగు మీద కూర్చుంది. ప్లాస్టిక్ బిందెలు అమ్మేవాడు మైకు పెట్టుకొని గల్లీలోకి వస్తుంటే ఎదురెళ్లి రెండు చేతులూ జోడించింది. వాడు తువ్వాల చూసి, మైకు ఆపేసి, బండి నెట్టుకుంటూ పోయాడు.

ఐదు దాటాక ఓట్ల లెక్క వచ్చి ఫోన్ చేతిలో వణికింది. ఇంగ్లీషు అక్షరాలు ఆమెకు రావు. అంకెలు వచ్చు. రెండే అంకెలున్నాయి. మొదటిది చాలా పెద్దది, దాని కింద ఉన్నది చిన్నది. పొద్దున్నే నిహారిక కాదని ఒత్తి ఉంటే కింది అంకె ఒకటి పెరిగేది. అంతే. ఆ కింది అంకె వైపే చూస్తూ ఉండిపోయింది, ఫోన్ వెలుగు ఆరిపోయేదాకా.

సునంద గిన్నె కోసం వచ్చింది. మెట్టు మీద కాలు పెట్టి, తువ్వాల చూసి ఆగింది. చెప్పులు విడిచి, చేతిలో పట్టుకొని, వచ్చిన దారినే వెనక్కి తిరిగింది.

ఆరింటికి లేపమంది పిల్ల. పుష్పమ్మ ఆరుంపావు దాకా లేపలేదు. చేతనైంది అంతే.