నేలమాళిగలో బొంతల క్లాసు

ఆర్లిస్‌కి ఆ రోజు పొద్దుటి నుంచీ రెండు భయాలు. ఒకటి ఆకాశం, రెండోది అమ్మ. రెండింటిలో అమ్మే నయం కదా అని ఎవరైనా అంటే వాళ్లు ఎల్ఫ్రీడాని ఎరగరన్నమాట.

నెబ్రాస్కాలోని ఆ చిన్న ఊళ్లో చేత్తో బొంత కుట్టడంలో ఎల్ఫ్రీడాని మించినవాళ్లు లేరు. ఎనభై దగ్గరపడి చెవులకి మిషన్లు వచ్చినా కళ్లజోడు లేకుండా సూదిలో దారం ఎక్కించేది. చర్చి ఆడవాళ్లంతా బొంత బిగించిన చట్రం చుట్టూ చేరి కుట్టేటప్పుడు ఎవరి కుట్టయినా వంకర పోతే పైకి ఏమీ అనేది కాదు. అందరూ వెళ్లాక దాన్ని విప్పేసి, తనే మళ్లీ కుట్టి, మర్నాడు ఏమీ ఎరగనట్టు కూర్చునేది. విప్పించుకున్నవాళ్లకి మాత్రం తెలిసేది. తిట్టినా అంత బాధ ఉండేది కాదని వాళ్లు చాటున అనుకునేవారు.

కూతురు ఆర్లిస్ దారి వేరు. గుడ్డకి రంగు వేసేది, వేసిన రంగు తీసేది, ముక్కల్ని అడ్డదిడ్డంగా అతికి మిషను మీద గీతలు గీతలుగా కుట్టి గోడకి తగిలించేది. అవి చూసి ముచ్చటపడి ఊరూరా పిలిచి క్లాసులు చెప్పించుకునేవాళ్లు ఉన్నారు. "చలేస్తే కప్పుకోడానికి పనికిరాని బొంతేమిటే?" అని తల్లి ఇరవై ఏళ్లుగా దెప్పుతూనే ఉంది. కూతురి క్లాసు గడప మాత్రం ఎన్నడూ తొక్కలేదు. ఆ పొద్దున ఉన్నట్టుండి, ఇవాళ తనూ వస్తానని ఫోను చేసింది.

అలాంటి మనిషి నిజంగానే ఆ శనివారం మధ్యాహ్నం చర్చి నేలమాళిగకి దిగివచ్చి, సంచీలోంచి తన కత్తెర తీసుకుని ముందు బల్ల దగ్గర కూర్చుంది. పక్కన ఆమె చిన్ననాటి స్నేహితురాలు మావిస్. మిగతా అరడజను మంది ఆడవాళ్లూ ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. ఆర్లిస్ చేతిలోంచి సుద్దముక్క జారి కిందపడింది.

ఆ రోజు పాఠం బ్లీచ్‌తో రంగు తీయడం. నల్లగుడ్డని మడతలు పెట్టి, దారంతో బిగించి, బ్లీచ్ నీళ్ల తొట్టిలో ముంచాలి. దారం కింద నలుపు నిలుస్తుంది, మిగతాది ఇటుకరంగుకి తిరుగుతుంది. సరైన రంగు రాగానే తీసి పక్క బకెట్లో ఉన్న మందునీళ్లలో వెయ్యాలి. ఆ మందు బ్లీచ్‌ని ఆపేస్తుంది. ఆలస్యమైతే బ్లీచ్ రంగుతో ఆగదు, నూలునీ తినేస్తుంది. ఆర్లిస్ అందరికీ చేతితొడుగులిచ్చింది, గోడ పైఅంచున ఉన్న కిటికీలు తెరిచింది, ఘాటు బయటికి పోయేలా రెండు ఫ్యాన్లు పెట్టింది. ఆ పైన అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త చెప్పబోయింది. ఈ తొట్టిలో వినిగర్ చుక్క కూడా పడకూడదు, పడితే విషవాయువు పుడుతుందని.

"మరి వినిగర్..." అంటూ ఉండగానే ఎల్ఫ్రీడా అందుకుంది. "డబ్బు పెట్టి నల్లగుడ్డ కొనడం, మళ్లీ డబ్బు పెట్టి ఆ నలుపు పోగొట్టడం. మా రోజుల్లో దీన్ని పాడుచెయ్యడం అనేవాళ్లం."

అందరూ ఘొల్లున నవ్వారు. ఆర్లిస్ మొహం ఎర్రబడింది. చెప్పబోయిన మాట ఆ నవ్వులో కొట్టుకుపోయింది, ఆమె దాన్ని మళ్లీ ఎత్తుకోలేదు. యాభై దాటిన మనిషికి తల్లి ఎగతాళి చేస్తే మతి పోవడమేమిటని అనిపించవచ్చు. పోతుంది మరి.

ఇంతా వెక్కిరించిన ఎల్ఫ్రీడా తన గుడ్డని మడవడం మొదలుపెట్టాక మాత్రం ఎవరితోనూ మాట్లాడలేదు. బియ్యపుగింజ పట్టనంత సన్నటి మడతలు పెట్టింది. దారం పళ్లతో పట్టి లాగి బిగించింది. తొట్టిలో వేసి, రంగు ఎలా తిరుగుతోందా అని దాని మీదికి వంగి నిలబడింది. కూతురి పనిని తల్లి అంత శ్రద్ధగా చూడటం ఆర్లిస్ ఎరగదు. ఆనందించడానికి వ్యవధి దొరకలేదు. కిటికీల్లోంచి పడే వెలుతురు అప్పటికే పాకుడుపట్టిన నీళ్ల రంగులోకి మారింది. గాలి ఒక్కసారిగా ఆగిపోయింది. ఊరి సైరన్ మోగింది.

ఆ ఊళ్లో పుట్టినవాళ్లకి ఆ సైరన్ అర్థం ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. సుడిగాలి వస్తోంది. వడగళ్లు అద్దాల మీద రాళ్లలా పడుతుంటే ఆర్లిస్ పరుగున కిటికీలన్నీ మూసింది. ఆడవాళ్లు బల్లల్ని లోపలి గోడవైపు లాగారు. ఆ హడావిడిలో మావిస్ కాలు తగిలి మందునీళ్ల బకెట్ బోర్లాపడింది. మరుక్షణం కరెంటు పోయింది, ఫ్యాన్లు ఆగిపోయాయి.

చీకట్లో ఎల్ఫ్రీడా గొంతు వినిపించింది. "నా గుడ్డ ఇంకా అందులోనే ఉందే."

దాన్ని వదిలేసి బల్ల కింద దూరమని ఆర్లిస్ అరిచింది. వదిలేసే మనిషయితే ఆమె ఎల్ఫ్రీడా ఎందుకవుతుంది? మందు ఒలికిపోయింది, గుడ్డ నాశనమైపోతుంది. ఆ తరం ఆడవాళ్లకి తెలిసిన మందు ఒక్కటే. కొత్త ఎర్రగుడ్డ కొంటే వినిగర్ నీళ్లలో నానబెట్టనిదే వాళ్లు కత్తెర పెట్టరు. రంగు నిలబెట్టేది వినిగర్. ఆ పక్కనే ఉన్న చర్చి వంటింట్లో ఊరగాయల కోసం పెద్ద డబ్బా ఎప్పుడూ ఉంటుంది. తడుముకుంటూ వెళ్లి డబ్బా తెచ్చి, మూత తీసి, తొట్టిలో గుమ్మరించింది.

చివరి కిటికీ గడియ వేస్తున్న ఆర్లిస్ ముక్కుకి ముందు క్లోరిన్ కలిపిన ఈతకొలను వాసన తగిలింది. ఆ వెంటనే గొంతులో కారం కొట్టినట్టయింది.

"ఏం పోశావమ్మా?"

"వినిగర్. ఉన్నదంతా పోశాను, బెంగపడకు" అంది ఎల్ఫ్రీడా నిబ్బరంగా.

ఆర్లిస్‌కి పైప్రాణాలు పైనే పోయాయి. ఆ వాయువు గాలి కంటే బరువు, నేలకి దిగుతుంది. సుడిగాలికి భయపడి వీళ్లంతా ఆ నేల మీదే తలలు వంచుకుని కూర్చున్నారు. లేవండి, మెట్ల మీదికి పదండి అని కేక పెట్టింది. ఎవరూ కదల్లేదు. పైకి వెళ్తే గాలి ఎత్తుకుపోతుంది, నీకేమైనా పిచ్చా అంది మావిస్. ఇక్కడుంటే ఊపిరాడక చస్తారని ఆర్లిస్ ఆమె చెయ్యి పట్టి ఈడ్చింది. అప్పటికి ఒక్కొక్కళ్లకీ దగ్గు మొదలై మాట అర్థమైంది. పడుతూ లేస్తూ మెట్లెక్కారు. మెట్ల మధ్య మలుపు దగ్గర నాలుగువైపులా రాతిగోడ ఉంది. వాళ్లని అక్కడ కూర్చోబెట్టి కింది తలుపు మూసింది, పైతలుపు కాస్త తెరిచింది. ఆ సందులోంచి వచ్చే గాలి హోరుకి చెవులు దిబ్బెళ్లు పడుతున్నాయి.

"అమ్మేది?"

ఆర్లిస్ ఒక్కొక్కళ్ల మొహమూ వెతికింది. వినిగర్ పోసి బల్ల కింద దూరగానే, ఆ హోరు భరించలేక ఎల్ఫ్రీడా చెవిమిషన్లు పీకి జేబులో వేసుకుందని మావిస్ ఏడుస్తూ చెప్పింది. అంటే లేవమని ఆర్లిస్ పెట్టిన కేకల్లో ఒక్కటీ ఆమెకి వినపడలేదు.

కిందికి దిగాలంటే ఆర్లిస్ కాళ్లు ఒప్పుకోలేదు. ఆ మాట దాచాల్సిన పని లేదు. చచ్చేంత భయమేసింది, ఒక్క క్షణం తలుపు గడియ మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడిపోయింది. తర్వాత గుండెలనిండా గాలి పీల్చుకుని, పెదాలు బిగబట్టి దిగింది.

కళ్లు భగ్గున మండాయి. గోడవార బల్ల కింద ఎల్ఫ్రీడా బోర్లా ముడుచుకుని, రెండు చేతులూ మెడ వెనక పెట్టుకుని ఉంది, ఎగశ్వాసగా దగ్గుతూ. సుడిగాలొస్తే అలాగే ఉండాలని కూతురికి చిన్నప్పుడు నేర్పింది ఆమే. ఆర్లిస్ భుజం పట్టి లాగింది. తల్లి తలెత్తి చూసింది. సుడిగాలి మీదికొస్తుంటే కూతురు నిలువుగా నిలబడి ఉంది. ఆమె కంటికి కనిపించింది అంతే.

రెండు చేతులూ చాచి ఆర్లిస్ మెడ పట్టుకుని బల్ల కిందికి ఒక్క గుంజు గుంజింది.

ఆ ముసలి చేతుల్లో అంత బలం ఎక్కడిదో. ఆర్లిస్ మొహం నేలకి తగిలింది. తల్లి ఆమె మీద పడి తన ఒంటితో కప్పేసింది. "తల వంచు. తల ఎత్తకే, నేనున్నాను" అని చెవిలో దగ్గుతూ చెబుతోంది. వద్దని చెప్పాలంటే నోరు తెరవాలి, తెరిస్తే విషం లోపలికి పోతుంది. ఆర్లిస్ తోసింది, తల్లి కదల్లేదు. ఊపిరి బిగబట్టి గుండెలు పగిలిపోతున్నాయి. తోసే కొద్దీ ఎల్ఫ్రీడా ఇంకా గట్టిగా పట్టుకుంటోంది. ఇద్దరం ఇక్కడే పోతామని ఆర్లిస్‌కి స్పష్టంగా తెలిసిపోయింది.

చెయ్యి విడిపించుకుని తల్లి చెంప మీద ఫెడీమని కొట్టింది.

పట్టు సడలింది. ఎల్ఫ్రీడా నివ్వెరపోయి చూస్తుండగానే ఆర్లిస్ ఆమెని చంకల కింద పట్టి ఈడ్చింది, తలుపు దాటించింది, మెట్ల మీద పడేసింది. అప్పుడు తీసుకున్న మొదటి ఊపిరి కత్తిలా దిగింది. అయినా అంత తియ్యటిది ఆమె ఎన్నడూ ఎరగదు.

సుడిగాలి ఊరి దక్షిణాన మొక్కజొన్న చేలమీదుగా వెళ్లిపోయింది. చర్చికి ఒక్క పెంకు కూడా లేచిపోలేదు. గడ్డి మీద ఆడవాళ్లందరూ ముక్కులకి ఆక్సిజన్ గొట్టాలు పెట్టించుకుని కూర్చున్నారు. ఎల్ఫ్రీడా పెదాలు నీలంగా ఉన్నాయి. ముందు ఆమెని ఆసుపత్రికి తీసుకెళ్లాలని అంబులెన్సు వాళ్లు తొందరపడుతున్నారు. చెవిమిషన్లు పెట్టుకోగానే ఆమె అన్న మొదటి మాట, "నన్ను కొట్టావు."

ఆర్లిస్ ఆమె పక్కన కూర్చుని జరిగింది చెప్పింది. వినిగర్ సంగతి తను చెప్పలేకపోవడం, అది బ్లీచ్‌తో కలిసి ఏమైందన్నది, నేల మీదే ఎందుకు ఎక్కువ ప్రమాదమో. తప్పు నాదేనమ్మా అంది. ఎల్ఫ్రీడా ఆ మాట పట్టించుకోలేదు. ఆమె బుర్ర మరోచోట ఆగిపోయింది.

"అయితే నేను నిన్ను లాగింది..." అని ఆగింది. మొహం పాలిపోయింది. "దాంట్లోకేనా?"

"నేను కొట్టాను కదమ్మా. చెల్లుకి చెల్లు."

ఎల్ఫ్రీడా నవ్వలేదు. కూతుర్ని గుంజిన రెండు చేతుల్నీ తిప్పి చూసుకుంది. వాటిని ఒళ్లో దాచుకుంది. అమ్మ భయపడగా చూడటం ఆర్లిస్‌కి అదే మొదలు, ఆకాశానికి కూడా ఆమె అంత బెదిరిపోలేదు.

"లేవండమ్మా, వెళ్దాం" అన్నాడు అంబులెన్సు అతను.

ఎల్ఫ్రీడా అతనివైపు చూడలేదు. కూతురి చొక్కా అంచు పట్టుకుంది, చాలా మెల్లిగా, లాగకుండా.

"ఎటు రావాలో నువ్వు చెప్పవే" అంది. "వస్తాను."

 ఆర్లిస్ అమ్మ నడుం చుట్టూ చెయ్యి వేసి లేవదీసి, అంబులెన్సు వైపు నడిపించింది.