చినిగిపోయిన చివరి పేజీలు

విత్తనం కాయల్ని మిషన్లో వేస్తే పప్పు పగులుతుందని మా వీధి ఆడవాళ్లు కూలికి వచ్చి, మా వసారాలో కూర్చుని చేత్తోనే వేరుశనగ ఒలుస్తారు. నేను వాళ్లకు పుస్తకం చదివి వినిపిస్తాను. నా వంతు కాయలు వాళ్లే ఒలిచేస్తారు.

ఈసారి చదివిన నవలలో ఒక రైతమ్మకు వరసగా మూడేళ్లు పంట ఎండిపోయింది. ఎద్దుల్ని అమ్మేద్దామని సంతకు బయల్దేరింది. నేను పేజీ తిప్పితే అట్ట వచ్చింది. చివరి పేజీలు ఎవరో చించేశారు.

నాకు ఒళ్లు మండింది. "లైబ్రరీ పుస్తకం చించినోళ్ల చేతులు పడిపోను!" అన్నాను.

"ఇంకేముంటాదిలే సుహానా, ఎద్దుల్ని అమ్మేసి బెంగళూరికి పోయింటాది," అంది రహమత్‌బీ.

"పోలేదు," అంది ఆంజినమ్మ. ఆమె చేను కూడా మూడేళ్లుగా ఎండుతోంది. ఈ ఏడు బీడు పెడతానని పొద్దున్నే చెప్పింది.

"నీకెట్ల తెలుసు?"

"పోయిందని నీకు మాత్రం ఎట్ల తెలుసు? దావలో వాన పడింటాది. ఎద్దుల్ని ఎనక్కి తోలుకొచ్చింటాది."

కాసేపు కాయలు ఒలిచి, ఆంజినమ్మ నావైపు తిరిగింది.

"సుహానా, మీ నాయనకు చెప్పు. నాకు కూలి దుడ్లు వద్దు, విత్తనాలే ఇమ్మను."