రక్తం పోయింది, గాలి వచ్చింది

మా ఆయన్ని నేను కొట్టింది ఒక్కసారే. ఇంట్లో కాదు, రింగులో, పట్టపగలు, కుర్రాళ్ళందరూ చూస్తుండగా. ఆ తర్వాత మా బురిరమ్ సంతలో నన్ను చూసి పక్కకి తప్పుకున్న ఆడవాళ్ళున్నారు, నేను అడక్కుండానే చేపలు తూకానికి మించి వేసినవాళ్ళూ ఉన్నారు. ఎందుకు కొట్టావే అని అందరూ అడుగుతారు. చెప్పాలంటే మొదట్నించీ చెప్పాలి. వినే ఓపిక ఎవరికుంది? మీకుంటే కూర్చోండి.

మాది బాక్సింగ్ నేర్పే ఇల్లు, కాళ్ళూ మోకాళ్ళూ మోచేతులూ కూడా వాడే మా దేశపు బాక్సింగ్. రేకుల షెడ్డు, దాని కింద ఒక రింగు, వేలాడే ఇసుక సంచులు, గోడకో నిలువుటద్దం. మా ఆయన విచియన్ గురువు. మా అబ్బాయి దిన్ ఆయన దగ్గరున్న ఏడెనిమిది మందిలో మొనగాడు. నేను బువాలైని. వీళ్ళందరికీ వండి పడేసేదాన్ని. అలాగని నాకు కొట్టుకోవడం తెలీదనుకోకండి. పెళ్ళికి ముందు గుడి తిరనాళ్ళలో ఆడపిల్లల పోటీలకి వెళ్ళేదాన్ని. నా మోకాలి దెబ్బ తిన్నవాళ్ళు నన్ను 'రోకలి బువా' అనేవాళ్ళు.

పెళ్ళయ్యాక ఆ రింగు తాడు కూడా ముట్టుకోలేదు. ముట్టుకోనిస్తేగా. మగాళ్ళు ఆడే రింగు పైన మంత్రించిన గుడ్డ కట్టి ఉంటుంది. ఆడది ఎక్కితే ఆమె ముట్టు మైల తగిలి మంత్రం చచ్చిపోతుందట, లోపల ఆడేవాడి ఎముకలు విరుగుతాయట. చుట్టూ ఊడ్చేదాన్ని, పైకి ఎక్కేదాన్ని కాదు. ఆ నేల మీద మగాళ్ళ ముక్కుల్లోంచి రోజూ రక్తం కారుతుంది, దానికి ఏ మైలా లేదు.

యాభై దగ్గరపడుతుండగా నాకు ముట్టు ఆగిపోయింది. ఆ వెనకే చెమటలు మొదలయ్యాయి. చలికాలంలో కూడా పొయ్యిలోంచి తీసినట్టు ఒళ్ళు కాలేది. తర్వాత గుండె. ఊరికే కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తుంటే, వెనక ఎవడో కత్తి పట్టుకుని నిలబడ్డట్టు దడదడలాడేది. తిరిగి చూస్తే కోడి. మా దగ్గర దీనికో మాటుంది: రక్తం పోయింది, గాలి వచ్చింది. నెలనెలా పోయే రక్తం ఆగాక ఆ ఖాళీలోకి గాలి దూరి తలకెక్కుతుందట. ఈ వయసు ఆడది నోరెత్తితే చాలు, మగాళ్ళు ఈ మాట అనేసి చేతులు దులుపుకుంటారు. కూరలో ఉప్పు లేదని గిన్నె విసిరికొట్టే మగాడికి మాత్రం ఏ గాలీ పట్టదు.

పెద్దాసుపత్రికి వెళ్ళాను. అక్కడ డాక్టరమ్మ చిన్న పిల్ల. నేను చెప్పిందంతా మధ్యలో ఆపకుండా విన్నది.

"ఇది పిచ్చి కాదు పెద్దమ్మా. ఒంట్లో ఊరాల్సినవి ఊరడం తగ్గింది, అందుకే ఈ దడ" అంది. "ప్రస్తుతానికి ఈ మాత్ర పడుకునే ముందు సగం వేసుకోండి. వచ్చే నెల రండి, అసలు వైద్యం అప్పుడు మొదలుపెడదాం. ఉన్నట్టుండి మానెయ్యకండి. ముఖ్యంగా, మందు తాగొద్దు."

"ఛ ఛ, మాకు ఆ అలవాటు లేదమ్మా" అన్నాను. నిజంగానే అన్నాను.

మూడు వారాలు ఆ మాత్ర వేసుకుంటే దడ తగ్గింది. అప్పుడు మా వదిన తొంగ్‌యున్, అంటే మా ఆయన అక్క, ఒక నల్ల సీసా పట్టుకొచ్చింది. ఆడవాళ్ళ మందు. ప్రతి కిరాణా కొట్లోనూ దొరుకుతుంది. సీసా మీద నవ్వుతున్న ఆడమనిషి బొమ్మ, లోపల వేర్లూ బెరళ్ళూ నానిన నల్లటి రసం. బాలింతలు తాగుతారు, ముట్టుడిగినవాళ్ళు తాగుతారు, మా అత్త చచ్చేదాకా తాగింది. తాగితే కడుపులో వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చదనం వేర్లది కాదు, సారాది. మందు తాగొద్దంటే మగాళ్ళ మందు అనుకున్నాను గానీ, ఆడవాళ్ళ మందూ మందేనని నాకేం తెలుసు? ఆ రోజు మాత్రా పొద్దుండగానే వేసుకున్నాను, ఈ గ్లాసూ తాగాను. బాగుందనిపించి రెండో గ్లాసు కూడా.

ఆ సాయంత్రం ఏం చేశానో నాకు సగమే గుర్తుంది. షెడ్డులో కట్టిన వల ఉయ్యాలలో పడుకున్న దిన్ ఊపిరి తీసుకోవడం లేదనిపించింది. నా కొడుకు చచ్చిపోయాడని కేకలు పెట్టాను. వాడు ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. ఇసుక సంచీ దగ్గర సక్‌దా అని వాడితో రోజూ సాధన చేసే జోడీగాడు, నవ్వు ఆపుకోలేకపోయాడు. నేను పచ్చడికి పచ్చి బొప్పాయి దంచుతున్న రోకలి ఎత్తి విసిరాను. వాడి కనుబొమ్మ చీరుకుని వెళ్ళి నిలువుటద్దంలో పడింది. గాజు పెంకుల మధ్య వాడు మొహం పట్టుకుని కూలబడ్డాడు, వేళ్ళ సందుల్లోంచి రక్తం. నాకు మాత్రం ఏదో సినిమా చూస్తున్నట్టుంది.

తెల్లారి మా ఆయన నా మాత్రలన్నీ తీసుకెళ్ళి చేపల గుంటలో పారేశాడు.

"అవి వేసుకున్నాకే నీకు పిచ్చి ముదిరింది" అన్నాడు. "చేపలకేమైనా భయాలుంటే పోతాయిలే."

నల్ల సీసాని ఎవరూ అనుమానించలేదు. అది బలం మందు కదా.

మాత్ర ఉన్నట్టుండి మానొద్దని డాక్టరమ్మ ఎందుకన్నదో నాకు మూడోరోజుకి తెలిసొచ్చింది. చేతులు వణికి అన్నం బుట్ట జారిపోయేది. తలుపు చప్పుడైతే ఒళ్ళంతా జలదరించేది. పోయిన భయం వడ్డీతో సహా తిరిగొచ్చింది. వదిన ఇంకో సీసా తెచ్చింది గానీ ఆ వాసనకే వాంతి వచ్చి వద్దన్నాను. ఆ వాంతే నన్ను కాపాడింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే సక్‌దాతో ఆడుతుండగా దిన్‌కి చెవి పైన మోచేతి దెబ్బ తగిలింది. పడ్డాడు, లేచాడు, నవ్వాడు. ఇలాంటివి మా ఇంట్లో మామూలే. మర్నాడు తలనొప్పన్నాడు. ఆ మర్నాడు భోజనాల దగ్గర కూర్చుని చేప సాసు పోసుకున్నాడు. గిన్నెలో కాదు, గిన్నె పక్కన చాప మీద. అలా పోస్తూనే ఉన్నాడు. తర్వాత జిగురన్నం ముద్ద చేసి ఆ ఖాళీ గిన్నెలోనే అద్దుకుని తిన్నాడు.

నా గుండె దడదడలాడింది. కానీ అది అంతకు ముందు కూడా దడదడలాడుతూనే ఉంది కదా, కోడిని చూసినా, తలుపు చప్పుడైనా. ఇది నిజంగా చూశానా, లేక గాలి చూపించిందా? నా కళ్ళని నేనే నమ్మలేకపోవడం ఎంత నరకమో అది పడ్డవాళ్ళకే తెలుస్తుంది. చాప వాసన చూశాను. చేప సాసే.

మా ఆయనకి చెప్పాను. "ఏమయ్యా, వాడికి ఏదో అయింది. ఎడం చెయ్యి సరిగ్గా లేవడం లేదు. శనివారం పోటీ వద్దు, ముందు ఆసుపత్రికి తీసుకెళ్దాం."

"మొన్నేగా వాడు చచ్చాడని ఏడ్చావు" అన్నాడు. "బతికున్నాడా లేదా?"

దిన్‌నే అడిగాను. తల నొప్పి ఎలా ఉందిరా అని. వాడు నా తల నిమిరి, "అమ్మా, నువ్వెళ్ళి కాసేపు పడుకో" అన్నాడు. ముసలమ్మతో మాట్లాడినట్టు. ఎవరేమన్నా పడ్డాను గానీ, వాడు అలా అనేసరికి వంటింట్లోకెళ్ళి ఏడ్చాను.

గురువారం పొద్దున్న మా ఆయన వాడిని రింగులోకి దింపాడు. ఆయన చేతులకి లావుపాటి ప్యాడ్లు. వీడు తన్నాలి, గుద్దాలి, ఆయన అడ్డుకోవాలి. వీడి ఎడం చెయ్యి మొహం దగ్గర నిలవడం లేదు. దించినప్పుడల్లా ఆయన ప్యాడ్‌తో తల మీద ఫట్మని ఒకటిస్తున్నాడు.

"చెయ్యి ఎత్తరా. ఎత్తమన్నానా?"

ఫట్.

"శనివారం వాడు నిన్ను ముద్దు పెట్టుకుంటాడా? ఎత్తు."

ఫట్. దిన్ తాళ్ళ మీదకి ఒరిగి కక్కుకున్నాడు. ఆయన వాడి నెత్తిన బక్కెట్ నీళ్ళు గుమ్మరించి, జబ్బ పట్టుకుని మళ్ళీ మధ్యకి లాగాడు. మళ్ళీ తల మీద ఫట్. నేను రింగు పక్కకి పరిగెత్తాను. చేతులు వణుకుతున్నాయి, జాకెట్టు చెమటతో తడిసిపోయింది.

"ఆపు" అన్నాను. "వాడు కావాలని దించడం లేదు. వాడికి చెయ్యి రావడం లేదు."

మా ఆయన కుర్రాళ్ళ వైపు తిరిగి, "చూశారా, మీ పెద్దమ్మకి రక్తం పోయింది, గాలి వచ్చింది" అన్నాడు. అందరూ నవ్వారు. కనుబొమ్మకి కట్టు కట్టుకున్న సక్‌దా అందరికన్నా గట్టిగా నవ్వాడు.

"ఏమన్నావు, మళ్ళీ అను" అన్నాను.

"రక్తం పోయింది, గాలి వచ్చింది అన్నాను. ఇంకోసారి అనమంటావా?"

"పోయింది కదా రక్తం? రెండేళ్ళయింది పోయి. మరి నీ రింగుకి నావల్ల మైలేంటయ్యా?"

ఆయన నోరు తెరిచేలోపు నేను మెట్టెక్కాను. ఆడవాళ్ళ పోటీల్లో కూడా ఆడది కింది తాడు కిందనుంచి పాకి వెళ్ళాలి. నేను పైతాడు మీదనుంచి కాలు వేసి దిగాను, మగాడు దిగినట్టు. షెడ్డులో నవ్వు టక్కున ఆగింది. మా ఆయన మొహం నల్లబడింది.

"దిగవే" అని ప్యాడ్‌తో నా గుండె మీద తోశాడు. నేను పడలేదు. రెండోసారి తోస్తే వెనక్కి జారి, కాలెత్తి ఆయన పొట్టలో అరికాలితో తన్నాను. ఆయన తాళ్ళకి తగిలి ఊగొచ్చాడు. వస్తూ వస్తూ మోచెయ్యి విసిరాడు. గురువు కదా, చెయ్యి దానంతటదే లేస్తుంది. నా పై పెదవి పగిలింది, ఒక పన్ను నాలుక మీదకొచ్చింది. ఉమ్మేశాను. రెండు చేతులూ ఆయన మెడ వెనక బిగించి తల కిందికి వంచాను. ముప్ఫై ఏళ్ళుగా వంచని తల. మోకాలు డొక్కలో దిగింది. ఇంకోటి. ఇంకోటి. లోపల ఎండుపుల్ల విరిగినట్టు వినపడింది. ఆయన గాలి పీల్చుకోలేక మోకాళ్ళ మీద కూలాడు.

ఒక మాట చెప్పనా, నమ్మితే నమ్మండి. అంతసేపూ నా చేతులు వణకలేదు. గుండె నిదానంగా, మామూలు మనిషికి కొట్టుకున్నట్టు కొట్టుకుంది. మా ఆయన్ని కొట్టినందుకు నాకు ఆ పూట సిగ్గు లేదు, ఇప్పుడూ లేదు.

తిరిగి చూశాను. దిన్ మూలన నిలబడి మమ్మల్ని చూసి నవ్వుతున్నాడు. మూతి కుడివైపు ఒక్కటే నవ్వుతోంది.

"నాన్నని కొట్టావా అమ్మా" అన్నాడు, నాలుక మడతపడుతూ. అని నిలువునా పడిపోయాడు.

సక్‌దా బండి తీశాడు. వెనక తొట్టిలో దిన్ తల నా ఒళ్ళో. నా మూతి రక్తం వాడి మొహం మీద పడుతుంటే తుడుస్తూ కూర్చున్నాను. మా ఆయన డొక్క పట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు. దారంతా వాడి పాదం వదల్లేదు.

ఆసుపత్రిలో చూస్తే, వాడి పుర్రె కింద రక్తం కారి గడ్డకట్టి మెదడుని నొక్కుతోందట. పుర్రె తెరిచి తీశారు. బయటికొచ్చిన డాక్టరు మా ఇద్దరి వాలకం చూసి ముందు పోలీసులకి చెప్పాలా అన్నాడు. తర్వాత మా ఆయన వైపు తిరిగి, "ఇది మొదలై వారమై ఉంటుంది. తల మీద ఇంకొక్క దెబ్బ పడుంటే ఇక్కడిదాకా తేవాల్సిన పనే ఉండేది కాదు" అన్నాడు. మా ఆయన తన అరచేతుల వంక చూసుకున్నాడు. ఆ తర్వాత అక్కడే గోడకి ఆనుకుని ఏడ్చాడు, విరిగిన పక్కటెముకతో ఏడిస్తే ఎంత నొప్పో ఆయనకే తెలియాలి. నాకు జాలి వేసింది. దగ్గరికి మాత్రం వెళ్ళలేదు.

కుర్రాళ్ళు భయపడి గుళ్ళో పెద్ద భిక్షువుని పిలుచుకొచ్చారు, రింగు మైల పడిందని. ఆయన చెప్పులు విప్పి చుట్టూ తిరిగి, ఆమెకి ఇంకా ముట్టవుతుందా అని అడిగాడు. లేదన్నారు. నేల మీద ఎండిన నా మూతి రక్తం చూపించి, "మరైతే నీళ్ళూ గుడ్డా తెచ్చి మీరే తుడుచుకోండి" అని వెళ్ళిపోయాడు.

దిన్ బతికాడు. ఎడం చెయ్యి పూర్తిగా రాలేదు. ఇక రింగు లేదు వాడికి, ఆ కోపం నా మీదా వాళ్ళ నాన్న మీదా రోజుకొకరి మీద చూపిస్తాడు. చూపించనీ. నేను డాక్టరమ్మ దగ్గరికి మళ్ళీ వెళ్ళి నల్ల సీసా సంగతి కూడా చెప్పాను. ఆమె తల పట్టుకుంది. ఇప్పుడు వేరే మందు ఇస్తోంది, పాత మాత్ర మళ్ళీ మొదలుపెట్టించి కొంచెం కొంచెంగా తగ్గిస్తోంది. చెమటలు తగ్గాయి. భయం పూర్తిగా పోలేదు. ఒకసారి నిజమైంది కదా అని అది ప్రతిసారీ నిజం చెప్పదు. వంద సార్లొస్తే వందసార్లూ ఉత్తదే అవ్వొచ్చు, నాకు తేడా తెలీదు.

నిన్న మధ్యాహ్నం బొప్పాయి దంచుతున్నాను. మళ్ళీ వచ్చింది ఆ భయం. రోకలి ఆగిపోయింది. షెడ్డులో ఇసుక సంచీకి కుట్టు వేస్తున్న మా ఆయనకి ఆ చప్పుడు ఆగడం వినపడింది. సూది ఎక్కడిదక్కడ పడేసి, డొక్క పట్టుకుని ఇంట్లోకి పరిగెత్తాడు. కాసేపటికి ఒగర్చుకుంటూ వచ్చాడు.

"పడుకున్నాడు. లేపి చెయ్యి ఎత్తమన్నాను. ఎత్తాడు, తిట్టాడు కూడా."

"ఉత్త గాలేలేవయ్యా" అన్నాను.

"ఏమో. నాకేం తెలుసు" అని, పడేసిన సూది కోసం నేల మీద తడుముకుంటూ కూర్చున్నాడు.